మూసే దాకా

ఉమాకాంత్ ఏ ప్రయాణం పెట్టుకున్నా అది చివరికి తీర్థయాత్ర అయి తీరుతుంది. పెళ్లికని బయలుదేరితే దారిలో రెండు గుళ్లు తగులుతాయి. పంటి డాక్టరు దగ్గరికని బయలుదేరినా అంతే. 'ఎట్లాగూ పోతున్నం గదా' అన్నది ఆయన ఊతపదం. నాందేడ్‌లోని నవా మోండా బజారులో విత్తనాల దుకాణం నడిపే మనిషికి ఖాళీగా పోయే బండిని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సాక్షి కోరుకున్న పార్కు అలాంటి మనిషి చేతిలో పడింది.

పార్కు సాక్షిది. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత ఇంట్లో అందరూ దాన్ని మరిచిపోయారు. ఉమాకాంత్ తమ్ముడు బాలన్నకు కూతురు సాక్షి. ఆ ఏడు దహావీ, అంటే పదో తరగతి. ఏడాదంతా ఆ పిల్ల టీవీ మొహం చూడలేదు, సొంత మేనమామ పెళ్లిలో కూడా మూల కూచుని జామెట్రీ లెక్కలు చేసుకుంది. పరీక్షలయ్యాక ఏం కావాలో కోరుకొమ్మని తండ్రి అన్నప్పుడు ఫోనో, బండో అడుగుతుందని అంతా అనుకున్నారు. హైదరాబాద్ అవతల ఉన్న పెద్ద ఆటల పార్కుకు తీసుకుపొమ్మని అడిగింది. ఒక దినం మొత్తం కావాలంది. తలుపులు తీసినప్పటి నుంచి మూసే దాకా. బాలన్న సరేనన్నాడు. సరే అనడంలో బాలన్నకు ఎప్పుడూ ఇబ్బంది లేదు. ఆ సరేను అన్నగారి ముందుకు తీసుకుపోయేసరికే ఆయనకు కాళ్లు తడబడతాయి.

తరోడా నాకా దగ్గర అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు. పైన ఉమాకాంత్, కింద బాలన్న. వంటలు వేరు, నిర్ణయాలు మాత్రం పైనే ఉడుకుతాయి. పార్కు సంగతి మేడెక్కిన వారం రోజులకు దాని రూపమే మారిపోయింది. దారిలోనే ఉంది కాబట్టి బాసర. బాసర దాకా పోయి నిజామాబాద్‌లో మేనత్తను చూడకుండా ఎలా, కాబట్టి అక్కడ భోజనం. మర్నాడు పొద్దున యాదగిరిగుట్ట. గుట్ట దిగి మధ్యాహ్నం దాటాక పార్కు, పొద్దుగూకే ముందే బయటికి. ఆ పై రోజు ఇంకో రెండు గుళ్లు చూసుకుని ఇంటికి. మొత్తం మూడు దినాల ప్రయాణంలో పార్కుకు మిగిలింది మూడు గంటలు.

మూడు గంటలు సరిపోవా అని ఉమాకాంత్ ఆశ్చర్యపోయాడు కూడా. పిల్లలాటలే కదా, తిరిగిందే తిరుగుడు, అందులో దినమంతా ఏం చూస్తారని. సాక్షి ఆ పార్కు వీడియోలన్నీ చూసిన పిల్ల. పెద్ద ఆట ఒక్కదాని వరుసలోనే గంట పైగా పోతుందని ఆమెకు తెలుసు. కానీ ఆ మాట పెద్దబాపుకు చెప్పలేదు. కిందికొచ్చి తల్లికి చెప్పింది.

తల్లి వత్సల. చీరలకు ఫాల్, పీకో వేసే మిషన్ ఇంటి ముందు గదిలోనే పెట్టుకుంది. నోట్లో నాలుక లేని మనిషేం కాదు. గిరాకీలతో ముచ్చటకు దిగితే మరాఠీలో, తెలుగులో, దక్కనీలో ఎడాపెడా మాట్లాడగలదు. అయితే బావగారితో మాత్రం కాపురానికొచ్చిన నాటి నుంచి ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. ఆ ఇంటి పద్ధతి అది. మరదలు బావ మొహం చూసి మాట్లాడదు, బావ మరదలి పేరు పెట్టి పిలవడు. చేతికందే దూరంలో ఇద్దరూ ఉన్నా సరే, మధ్యలో ఒకరు కావాలి. పెద్దబాపుకు చెప్పు, చాయ్ చల్లారుతున్నది అని ఆమె అంటుంది. సాక్షి వాళ్లమ్మకు చెప్పు, చక్కెర తక్కువైంది అని ఆయన అంటాడు. మాటలు నేర్చిన రోజు నుంచి ఆ టెలిఫోన్ తీగ పని యోగేశ్‌ది. సాక్షి తమ్ముడు, పదమూడేళ్లవాడు. వాడు తల కూడా తిప్పడు, అటు మాట ఇటు, ఇటు మాట అటు వేస్తూ అన్నం తినేస్తాడు.

పార్కుకు ఒక దినం మొత్తం ఉంచితే ఏమవుతుందో పెద్దబాపును అడగమని వత్సల ఆ తీగ మీదే ఒకసారి పంపింది. ఎట్లాగూ పోతున్నం గదా అని అదే తీగ మీద తిరుగు జవాబు వచ్చింది. వత్సల ఊరుకుంది. నిజం చెప్పాలంటే ఆమె అక్కడితో ఊరుకునేదే, ఆ గురువారం సుందరబాయి కిందికి రాకపోయి ఉంటే.

సుందరబాయి ఉమాకాంత్ భార్య, వత్సలకు యారాలు. మెట్లు దిగి వచ్చి మిషన్ పక్కన స్టూలు మీద కూచుంది. చీర కొంగులోంచి గోలీల పత్తా, అంటే మాత్రల అట్ట ఒకటి తీసి మిషన్ మీద పెట్టింది. వత్సలకు దాన్ని చూడగానే అర్థమైంది. ఆ పత్తాలు పైన దేవుని గూట్లో, కర్పూరం డబ్బా పక్కన ఉంటాయి. ఆ ఇంటి ఆడవాళ్లలో ఎవరికి నెల ఎప్పుడొస్తుందో సుందరబాయికి నోటి మీద ఉంటుంది. మగవాళ్లు ఎన్నడూ నోరు తెరిచి అడగరు. ప్రయాణం ఖాయం కాగానే ఉమాకాంత్ భార్య వైపు చూసి 'ఏం అడ్డం లేదు గదా' అంటాడు, దారి మీద చెట్టేదో పడిందేమో అన్నట్టు. సుందరబాయి లేదని తల ఊపుతుంది. ఆ తల ఊపు వెనకాల ఆడవాళ్లు గోలీలు మింగుతారు. నెల వెనక్కి జరుగుతుంది, గుడి ముందుకొస్తుంది.

ఈసారి పత్తా వత్సలకు కాదు, సాక్షికట. తారీకు సరిగ్గా గుట్ట నాడు పడుతోందట.

"పిల్లకు పదహారు గూడ నిండలేదక్కా," అంది వత్సల.

"మనం ఏసుకోలేదా?" అంది సుందరబాయి. కోపంతో కాదు. నిజంగానే అడిగింది.

వేసుకున్నారు. పెళ్లయిన కొత్తలో పంఢరీపురానికి పోతూ వత్సల మొదటిసారి వేసుకుంది. దారి పొడుగునా తల పగిలిపోయింది, బస్సు కిటికీలోంచి వాంతులు చేసుకుంది, ఇంటికొచ్చాక పది దినాలు నెత్తురు ఆగకుండా పోయింది. దేవుడి దయవల్ల యాత్ర బాగా జరిగిందని ఉమాకాంత్ అందరికీ ప్రసాదం పంచాడు. తర్వాత తిరుపతి, ఆ తర్వాత తుల్జాపూర్, ఆ తర్వాత లెక్క పెట్టడం మానేసింది. ఏ ప్రయాణంలోనూ ఆమెకు దేవుడు సరిగ్గా కనిపించలేదు, కళ్ల ముందు చీకట్లే కనిపించాయి. మరి దేవుడి మీద కోపం వచ్చిందా అంటే రాలేదు. దేవుడు ఆ గోలీ వేసుకొమ్మని ఎవరి చెవిలోనూ చెప్పలేదని ఆమెకు తెలుసు.

ఇప్పుడు మాత్రం కోపం వచ్చింది. దాచేదేముంది, ఒళ్లు మండింది. సుందరబాయి మెట్లెక్కి వెళ్లిపోయాక పత్తాను మిషన్ సొరుగులోకి విసిరికొట్టి తలెత్తితే, గుమ్మంలో సాక్షి నిలబడి ఉంది. అంతా వింది. అదేం గోలీ అని అడిగింది. వత్సల ఉన్నదున్నట్టు చెప్పింది. దేనికి వేస్తారో, వేస్తే ఏమవుతుందో, తనకేమైందో.

సాక్షి వచ్చి స్టూలు మీద కూచుంది. "అమ్మా, గోలీ గుడి కోసం గదా. గుడికి పోతమని నేను అడిగిన్నా?"

వత్సల పెళ్లయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. తనూ అడగలేదు.

ఆ సాయంత్రం బాలన్న పని నుంచి రాగానే మంచినీళ్లు కూడా ఇవ్వకుండా సంగతంతా చెప్పింది. ఆయన చెవి గోక్కున్నాడు. గోలీ తప్పేనన్నాడు. పిల్లకు వెయ్యకూడదన్నాడు. మరి పైకెళ్లి చెప్పమంటే అన్న దిల్లు నొచ్చుకుంటుందన్నాడు. అన్న దిల్లు సరే, నీ బిడ్డ కడుపు నొచ్చుకుంటే ఎవరిని అడగాలని వత్సల అంది. బాలన్న లేచి తనే మంచినీళ్లు తెచ్చుకున్నాడు.

ఆదివారం సాయంత్రం పైన అందరూ కూచున్నారు. సుందరబాయి మురమురాలతో సుశీల అనే పలహారం చేసింది, మీద సన్న కారప్పూస లాంటి సేవ్, పచ్చి ఉల్లిగడ్డ. ఉమాకాంత్ ఊయల మీద కూచుని ప్రయాణం మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాడు. క్రూజర్ బండి మాట్లాడాడు. ఎక్కడ దర్శనం, ఎక్కడ భోజనం, ఎక్కడ పడక, అన్నీ ఆయన నోట్లో ఉన్నాయి. పార్కు పేరు వచ్చినప్పుడు 'మధ్యల జర పిల్లలను తిప్పుకొని' అన్నాడు. సాక్షి పళ్లెంలో మురమురాలను వేలితో అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయింది. ఉమాకాంత్ కొడుకు గౌరవ్ బారావీ, అంటే పన్నెండో తరగతి చదువుతున్నాడు. వాడికీ గుళ్ల మీద పెద్ద మోజు లేదు, కానీ తండ్రి ముందు వాడు పళ్లెంలోంచి తలెత్తడు.

చివర్న ఉమాకాంత్ అలవాటు ప్రకారం భార్య వైపు చూశాడు. "ఏం అడ్డం లేదు గదా?"

సుందరబాయి వత్సల వైపు చూసింది. వత్సల నడుముకు చెక్కుకున్న పత్తా తీసి చాయ్ గిన్నెల మధ్య పెట్టింది. అందులోంచి ఒక్క గోలీ కూడా తీయలేదు. "యోగేశ్, పెద్దబాపుకు చెప్పు," అని మొదలుపెట్టింది. యోగేశ్ నోటినిండా సుశీలతో తల ఎత్తి ఎదురు చూశాడు. వాణ్ని చూసి వత్సల ఆగిపోయింది. ఈ మాట మోసుకుపోవడానికి వాడెందుకు? మాట తనది, వినాల్సిన మనిషి అక్కడే ఊయల మీద ఉన్నాడు. చీర కొంగు సర్దుకుని బావ మొహంలోకి నేరుగా చూసింది.

"బావా, అడ్డమున్నది."

ఊయల ఆగిపోయింది. ఆ ప్రశ్నకు ఆ ఇంట్లో ఎవరైనా నోటితో జవాబు చెప్పడం అదే మొదలు. వత్సల అక్కడితో ఆగలేదు.

"సాక్షికి ఆ దినాలల్లనే అస్తది. గోలీ ఎయ్య. నేనేసుకున్న, అక్క ఏసుకున్నది, ఇగ చాలు. పిల్ల గుడికి రాదు. పార్కు ఆమెది, ఆమె అడిగింది. తలుపు తీసినప్పటి సంది మూసే దాకా ఆడ్నే ఉంటం. మీరు గుళ్లు చూసుకొని రాండ్రి."

ఉమాకాంత్ మొహం తమ్ముడి వైపు తిరిగింది. ఏంది ఇది, సాక్షి వాళ్లమ్మ ఏం మాట్లాడుతోంది అని గద్దించాడు. బాలన్న పళ్లెంలోకి చూశాడు. అక్కడ సాయం దొరకలేదు. తర్వాత వినీవినపడకుండా, "నన్నెందుకు అడుగుడన్నా. మీతోనే మాట్లాడుతున్నది," అన్నాడు. బాలన్న జన్మలో అన్నకు ఎదురు చెప్పిన మొదటి మాట అంతే. అంతకన్నా ఎక్కువ వత్సల ఆశించలేదు. అదే చాలని ఆమె మనసు ఎగిరి గంతేసింది.

ఉమాకాంత్ ఇక తీగనే నమ్ముకున్నాడు. యోగేశ్‌ను పిలిచి, మీ అమ్మకు చెప్పు అని మొదలుపెట్టాడు. యోగేశ్ మింగి, "అమ్మ గీడ్నే ఉన్నది పెద్దబాపూ," అన్నాడు. పొగరుతో కాదు, ఉన్న మాటే చెప్పాడు. సాక్షికి నవ్వు ఆగక మొహం పక్కకు తిప్పుకుంది.

అప్పుడు ఉమాకాంత్ గోడకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆడోళ్లను ఎక్కడో పట్నం అవతల వదిలేసి గుడికెట్ల పోతారు, మగతోడు లేకుండా ఎట్ల, అసలు ఈ ప్రయాణమే వద్దు, క్రూజర్ వాపస్ చేసేస్తానన్నాడు. వాపస్ చేయమని వత్సల అంది. నాందేడ్ స్టేషన్ నుంచి రైలున్నదని, పిల్లలను తీసుకుని ఆ రైల్లో పోతానని అంది. ఉమాకాంత్‌కు ఆ మాట దెబ్బలా తగిలింది. తన బండి లేకుండా ఆ ఇంటివాళ్లు ఊరు దాటగలరని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

అంతలో సుందరబాయి గౌరవ్ పళ్లెంలో ఇంకొంచెం సేవ్ వేస్తూ, ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది.

"నాకు గూడ అడ్డమే అస్తది ఆ దినాలల్ల."

సుందరబాయికి ఆ అడ్డాలన్నీ ఎప్పుడో తీరిపోయాయి. ఒళ్లంతా సెగలని రెండు ఎండాకాలాలు ఆమె కూలర్ ముందే పడుకున్న సంగతి ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. ఉమాకాంత్‌కు అందరికన్నా బాగా తెలుసు. కానీ ఎలా అంటాడు? ఆ మాట ఎన్నడూ పేరు పెట్టి పలకని మనిషి, ఇప్పుడు కొడుకు ముందు, తమ్ముడి ముందు, నీకు రాదు గదా అని పెళ్లాన్ని ఎలా నిలదీస్తాడు? నోరు తెరిచాడు. గౌరవ్ వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు. సుందరబాయి సేవ్ డబ్బాకు మూత పెట్టింది. ఆమె మొహంలో నవ్వు జాడ కూడా లేదు. వత్సలకు మాత్రం ఆమె కాళ్ల మీద పడాలో, మెడ పట్టుకుని నవ్వాలో తెలియలేదు.

"ఆడోళ్లందరు ఆడుంటే మగతోడు ఉండాలె గదా బాపూ. నేనుంట," అని గౌరవ్ అన్నాడు. తండ్రి మాటే తండ్రికి తిప్పికొట్టాడని వాడికి తెలుసో తెలియదో.

అలా ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున క్రూజర్ బయలుదేరింది. బాసరలో అన్నదమ్ములు దర్శనానికి పోతే, ఆడవాళ్లు బయట బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నారు. మర్నాడు పొద్దున పార్కు గేటు ముందు అందరూ దిగిపోయాక బండిలో ఉమాకాంత్, బాలన్న మిగిలారు. వెనక సీట్లన్నీ ఖాళీ. ఉమాకాంత్ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఆయనను అంతకన్నా ఎక్కువ శిక్షించడం ఎవరి వల్లా కాదు.

లోపల సాక్షిది రాజ్యం. ఎండ ముదరక ముందు పెద్ద ఆటలు, వరుసలు పెరిగాక చిన్నవి, తిన్న వెంటనే తిరిగేవి ఎక్కకూడదు. అంతా ఆమె చెప్పినట్టే జరిగింది. మధ్యాహ్నం అన్నాల వేళకు తల్లి దగ్గరికొచ్చి చెవిలో, అచ్చింది అంది. వత్సల సంచీలోంచి కావలసింది తీసి ఇచ్చింది. కడుపులో నొప్పి మొదలైంది. ఇద్దరూ చెట్టు నీడన బెంచీ మీద కూచున్నారు. సాక్షి తల్లి ఒళ్లో తల పెట్టుకుని మజ్జిగ తాగింది, కాసేపు కునుకు తీసింది. మూడు గంటల పార్కే అయి ఉంటే ఈ కునుకు ఎక్కడిది? నొప్పితోనే పిల్లను బరబరా లాక్కుపోయేవాళ్లు, లేదంటే బండిలో పడుకోబెట్టేవాళ్లు. పిల్లలతో పార్కుకు దినమంతా ఎందుకని అడిగేవాళ్లకు ఆ బెంచీని చూపించాలని వత్సల అనుకుంది. పిల్ల తల నిమురుతూ కూచుంటే ఆమెకు హాయిగా ఉంది. లోకంలో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర లేదనిపించింది.

అటువైపు అలల కొలనులో సుందరబాయి మెడలోతు నీళ్లలో నిలబడి ఉంది. అడ్డమున్నదన్న మనిషే అందరికన్నా ముందు నీళ్లలోకి దిగింది. గౌరవ్, యోగేశ్ చెరో వైపు చేతులు పట్టుకుంటే, అల వచ్చినప్పుడల్లా కెవ్వుమని అరుస్తోంది. పార్కువాళ్లిచ్చిన నైలాన్ అంగీ లోపలికి నీళ్లు చేరి ఉబ్బిపోయింది. ఇరవయ్యేళ్ల పిల్లలాగా ఉందని వత్సలకు అనిపించింది. ఆ వయసులో ఆమె ఎక్కడికి పోయిందో, ఏం మింగి పోయిందో కూడా గుర్తొచ్చింది.

ఎండ తగ్గాక సాక్షి లేచింది. నొప్పి తగ్గిందట. పెద్ద ఆట ఇంకోసారి ఎక్కాలి, ఈసారి అమ్మ కూడా రావాలంది. వత్సల రానంది, గుండె ఆగిపోతుందంది. చిన్నప్పుడు మాళేగావ్ జాత్రలో ఆకాశ పాళ్ణా అనే పెద్ద రంగులరాట్నం ఎక్కుతానని ఏడిస్తే, ఇంటికి పోయే బిలోలి బస్సు వెళ్లిపోతుందని నాయిన రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. అప్పటి నుంచి ఆమెను ఎప్పుడూ ఏదో ఒక బస్సు లాక్కుపోతూనే ఉంది. ఇప్పుడు ఏ బస్సూ లేదు. వరుసలో నిలబడింది.

వరుస సగం కదిలేసరికి సుందరబాయి ఫోను మోగింది. కొలను నుంచి యోగేశ్‌తో కలిసి వరుస దగ్గరికొచ్చిన సుందరబాయి, చేతులు తడిగా ఉన్నాయని, చూడు అని ఫోను వత్సల చేతిలో పెట్టింది. ఉమాకాంత్. గుట్ట దర్శనం తొందరగా అయిపోయిందట. గేటు దగ్గరికొచ్చి కూచున్నారట. ఇంకా ఎంత సేపని భార్య అనుకుని విసుక్కుంటున్నాడు.

"బావా, నేను వత్సలను," అంది వత్సల.

యోగేశ్ అలవాటు కొద్దీ ఫోను కోసం చెయ్యి చాపాడు. వత్సల ఇవ్వలేదు. ఫోనులో బండ్ల చప్పుడు, ఎవరో చాయ్ అమ్ముతున్న కేక వినిపించాయి. ఆయన పెట్టేస్తాడనుకుంది. పెట్టేయలేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఎంత సేపయితది వత్సలా?" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన నోటి నుంచి తన పేరు వినడం అదే మొదలు. వత్సలకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మెత్తబడలేదు. వరుస ముందుకు కదిలింది, సాక్షి ఆమె మణికట్టు పట్టుకుంది. పిల్ల ఇప్పుడు ఏం వింటుందో అదే రేపు తన ఇంట్లో మాట్లాడుతుందని వత్సలకు తెలుసు.

"మూసే దాకా బావా," అంది. "చాయ్ అమ్ముతున్నరు గదా, తాగుండ్రి. చల్లారనియ్యకుండ్రి."

ఫోను సంచీలో వేసి సుందరబాయికిచ్చి, వంతు రాగానే సాక్షి పక్క సీట్లో కూచుని, ఇనుప కడ్డీని తనే కిందికి లాక్కుంది.